చారులో పడ్డ చెవి

దొనకొండ మజిలీ

పట్టాల మీద తిరిగే మన రైలు ఊళ్ళో మూడో పెట్టె మరమ్మతు దినచర్య. రాస్తున్నది వకుళ. ఇందులో పనికి సంబంధించిన సంగతులే రాయాలనీ, తిట్లు రాయకూడదనీ ఊరి పెద్దలు పోయిన మజిలీలో తీర్మానం చేశారు. ఆ తీర్మానం చేసినవాళ్ళు ఒక్కరోజు వచ్చి నా బల్ల దగ్గర కూర్చుంటే తెలుస్తుంది, ఈ పాత సామాను తిట్లు లేకుండా పనిచేస్తుందో లేదో.

సరే, పని. నిన్న మధ్యాహ్నం మా దమయంతి వదిన చెవి చారులో పడింది.

చెవి అంటే అసలు చెవి కాదు. మూడేళ్ళ కిందట వైద్యం పెట్టెలో ఆపరేషను చేసి వదిన తల లోపల ఒక ముక్క అమర్చారు. అది భద్రంగానే ఉంది. చెవి వెనక అంటుకుని ఉండే బిళ్ళ ఇంకొకటుంది, అది విన్నదంతా లోపలి ముక్కకు చెబుతుంది. వదిన పోపు వాసన చూద్దామని గిన్నె మీదికి వంగింది, ఊరు మలుపు తిరిగింది, బిళ్ళ జారి మరుగుతున్న చారులో పడింది. గరిటెతో తీసేసరికి ఇంగువ వాసన తప్ప అందులో ఇంకేమీ మిగల్లేదు. నేను గట్టిగా అరిచాను, తనకు వినపడలేదు. వదిన ఆ చారే అందరికీ వడ్డించింది కూడా.

వైద్యం పెట్టెవాళ్ళు కొత్త బిళ్ళ ఇచ్చారు. కానీ కొత్త బిళ్ళకు వదిన తల సంగతి తెలియదు. ఏ శబ్దం ఎంత పెంచాలో, ఏది తగ్గించాలో దానికి నేర్పాలి, అంటే శ్రుతి చేయాలి. ఆ శ్రుతి చేసే ప్రోగ్రాం మన ఊరు మొత్తంలో ఒక్క యంత్రం మీదే నడుస్తుంది. అది నా బల్ల మీది పాత ల్యాప్‌టాప్, వయసులో నాకంటే పెద్దది. మూత ఎత్తితే మోకాళ్ళ నొప్పులున్న మనిషిలా మూలుగుతుంది.

తొందర ఎందుకంటే, దిగువమెట్టలో నంద్యాల వైపు నుంచి వచ్చే ఊరు మనకు ఎదురవుతుంది. రెండు ఊళ్ళూ పక్కపక్క పట్టాల మీద ఒక పూట నిలబడతాయి. ఎండలు మనల్ని అటూ వాళ్ళను ఇటూ తోలేశాక మళ్ళీ ఏడాదికి గానీ కలవం. ఆ ఊళ్ళో వదిన కూతురు రాగిణి ఉంది. పోయినసారి కిటికీలోంచి చంటిపిల్లను చూపించింది. ఆ పిల్లకు ఇప్పుడు మాటలొచ్చాయని వైర్‌లెస్‌లో కబురు వచ్చింది. అప్పటి నుంచి వదినకు నిలువునా పండగే. ఇంకా వినని మనవరాలి మాటలను నాకు అభినయించి చూపించింది.

దిగువమెట్ట చేరేలోగా ఆ చెవి పనిచేయాలి. చేయకపోతే వదిన కిటికీ దగ్గర నిలబడి పిల్ల పెదాలు చూసి తృప్తిపడాలి.

ల్యాప్‌టాప్ తెరిచాను. నల్లతెర మీద రెండు వరుసలు వచ్చి ఆగిపోయింది. సిస్టమ్ చెడిపోయింది, తుడిచేసి మళ్ళీ వేయాలి. వదిన కొలతలూ, శ్రుతి ప్రోగ్రామూ డిస్కులో వేరే భాగంలో ఉన్నాయి కాబట్టి వాటికి ఢోకా లేదు.

తొమ్మిదో పెట్టెకు వెళ్ళాను. ఊరి ఉమ్మడి సామాను చూసుకునే ఏసోబు బాబాయి ఇన్‌స్టాలు పెన్‌డ్రైవు గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

“ఊరికంతా ఇదొక్కటేనమ్మా. పోగొట్టమాకు.”

“పోగొట్టను. ఖాళీగా కూడా ఇవ్వను లే, భయపడకు.”

“ఆ మాట నేనడిగానా?” అని నవ్వాడు. అడగడు, కానీ చూస్తాడు. మన ఊళ్ళో ఎవరి గిన్నె తెచ్చుకున్నా ఖాళీది తిరిగి ఇవ్వం. కనీసం చిటికెడు పంచదారైనా వేసి ఇస్తాం. పెన్‌డ్రైవుకైనా అదే మర్యాద, ఒక పాటో ఫోటోనో పెట్టి ఇస్తాం.

మార్కాపురం మజిలీ

ఇన్‌స్టాలు మొదలుపెట్టాను. పాతది తుడిచెయ్యనా అని అడిగింది, తుడిచెయ్యమన్నాను. శుభ్రంగా తుడిచింది. కొత్తది ఎక్కించడం మొదలుపెట్టి, సగం దాటాక “కావలసిన ఫైలు తెరుచుకోవడం లేదు, ఇన్‌స్టాలు ఆపివేయబడింది” అని చెప్పి చేతులు ముడుచుకుని కూర్చుంది. పాతది పోయింది, కొత్తది రాలేదు. ఆ క్షణంలో నేనన్న మాట తీర్మానం ప్రకారం ఇక్కడ రాయడం లేదు.

మొదటి అనుమానం కరెంటు మీద. పైకప్పు మీది ఎండ పలకల కరెంటు మన ఊళ్ళో పెట్టెకో వంతు. సరిగ్గా అప్పుడే మా వంతు అయిపోయింది, దీపం ఒక్కసారి మినుక్కుమంది. తోట పెట్టెవాళ్ళను బతిమాలి నీళ్ళ పంపుకు వాడే బ్యాటరీ తెచ్చుకున్నాను. వంకాయ మొక్కలు వాడిపోతాయని వాళ్ళు సణిగారు. వాడితే నేను నీళ్ళు మోసి పోస్తానన్నాను. ఇప్పుడు మొయ్యాలి, ఎందుకంటే బ్యాటరీ పెట్టినా రెండోసారి కూడా సరిగ్గా అక్కడే ఆగింది.

ఇంట్లో సంగతి పనికి సంబంధించినది కాదు, అయినా రాస్తున్నాను. నేను మా ఆయన్ను పెళ్ళి చేసుకుని ఈ పెట్టెలోకి వచ్చిన రోజు నుంచి నాకూ ఆయన అక్కగారైన వదినకూ పొద్దున కాఫీతో పాటు ఒక పోట్లాట ఉంటుంది. ఆయన ఇంజను దగ్గరే ఉండి నిద్రకు తప్ప రారు, కాబట్టి అడ్డుపడేవాళ్ళు లేరు. ఉప్పు మీద, కిటికీ తలుపు మీద, నేను బల్ల మీద ఒదిలేసే స్క్రూల మీద పోట్లాడుకుంటాం. ఇప్పుడు పోట్లాడాలంటే సుద్దముక్కతో పలక మీద రాయాలి. ఈ పొద్దున “చారులో అంత ఇంగువ ఎందుకు?” అని రాయడం మొదలుపెట్టాను. ఇంగువ దగ్గరికొచ్చేసరికే నా కోపం చల్లారిపోయింది. వదిన చదివి, తనకు వినపడదు కాబట్టి పెట్టె అదిరిపోయేలా, “బాగుందంటున్నావా? ఇంకొంచెం పోసుకో!” అంది.

పోసుకున్నాను. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే నాకు తిండి సహించడం లేదు.

కంభం మజిలీ

కుదుపుల వల్లేమోనని ఊరు ఆగేదాకా పని ముట్టుకోలేదు. చెరువు గట్టు పక్కన ఊరు ఆగాక, చక్రాలు చల్లబడ్డాక, పెన్‌డ్రైవును దూదితో తుడిచి ఇంకో పోర్టులో పెట్టి మొదలుపెట్టాను. వదిన వచ్చి నా పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. తెర మీద గీత ముందుకు జరుగుతుంటే తనూ మెడ ముందుకు చాచింది. సగం దాటింది. మళ్ళీ అక్కడే, అదే మాట.

వదిన నా ముఖం చూసి, “పోనీలేవే. పిల్లను చూస్తే చాలదా?” అంది. అరవకుండా, మామూలు గొంతుతో అనాలని ప్రయత్నించింది కాబట్టి గొంతు మరీ చిన్నదైపోయి వచ్చింది. చాలదని తనకూ తెలుసు, నాకూ తెలుసు. నేను స్క్రూడ్రైవరు విసిరేసి వెళ్ళి వంకాయ మొక్కలకు నీళ్ళు పోశాను.

నీళ్ళు పోస్తుంటే బుర్ర పనిచేసింది. కరెంటు తప్పయితే ఆగినప్పుడల్లా వేరువేరు చోట్ల ఆగాలి. కుదుపు తప్పయినా అంతే. ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందంటే దారిలో తప్పు లేదు, సరుకులోనే లోటుంది. పెన్‌డ్రైవు తెరిచి చూడాలి. ఈ మాట తట్టడానికి నాకు మూడు మజిలీలు పట్టింది, ఇంకెవరికీ చెప్పకండి.

తెరిచే ముందు ఏసోబు బాబాయిని అడిగాను.

“బాబాయ్, ఇందులో ఏమేం ఉన్నాయో నువ్వెప్పుడన్నా చూశావా?”

“ఛ, నేనెందుకు చూస్తానమ్మా?” అన్నాడు, నేనేదో కానిమాట అన్నట్టు. “ఇచ్చినోళ్ళ ఎదురుగా గిన్నె మూత తీసి చూస్తామా? తీసుకుని గుడ్డలో చుట్టి పెడతా. పెట్టినోళ్ళకి తెలుసు, వాడుకునేవోళ్ళకి తెలుసు.”

“వాడుకునేవాళ్ళు అందులోంచి ఏదన్నా తీసేస్తే?”

“ఎందుకు తీస్తారు? మనూళ్ళో ఎవరన్నా ఇచ్చేవోళ్ళే గానీ తీసేవోళ్ళున్నారా?”

గర్వంగానే అన్నాడు. నాకూ ఆ గర్వం ఉంది, అందుకే ఇన్నేళ్ళలో నేనూ మూత తీసి చూడలేదు.

గిద్దలూరు మజిలీ

చేతి పలకకు, అదే నా చిన్న టాబ్లెట్‌కు, తగిలించి పెన్‌డ్రైవు తెరిచాను. మన ఊరి మర్యాద అంతా అందులో ఉంది. ఎవరిదో పెళ్ళి ఫోటోలు. రెండు రకాల గోంగూర పచ్చడి చేసే పద్ధతి, కిందే ఇంకొకరి సవరణ. వర్షం చప్పుడు అని పేరు పెట్టి, రేకు మీద పడ్డ నాలుగు చినుకులు. తోట పెట్టెవాళ్ళ మేక ఫోటో. అన్నీ కలిపి చిటికెడు పంచదారలే, చోటు పెద్దగా తినవు.

ఒక్కటి మాత్రం బస్తాడంత ఉంది. దాని పేరు “మంచిది”. మిగిలిన ఫైళ్ళతో సరిచూస్తే, ఇన్‌స్టాలుకు కావలసిన అన్నిటికంటే పెద్ద ఫైలు పెన్‌డ్రైవులో లేనే లేదు. ఎవరో ఆ ఊరూ పేరూ లేని పెద్ద మూటను పక్కకు తీసి, ఆ చోట్లో తమ బహుమతి పెట్టి, మర్యాదగా తిరిగి ఇచ్చారు. ఈ తప్పు ఇంకే ఊళ్ళోనూ జరగదు.

ఎవరా పుణ్యాత్ములు అని “మంచిది” తెరిచాను.

మొదట ఫ్యాను కిర్రుమన్న చప్పుడు. తర్వాత ఒక ఆడగొంతు: “ఒరేయ్ దరిద్రుడా, నిన్న రాత్రంతా నీకు సేవ చేస్తే ఇప్పుడు నిప్పురవ్వలు కక్కుతావా? నీ సోల్డరింగు తగలెయ్య, నీకు చదువు చెప్పిన కంపెనీవాణ్ణి తీసుకొచ్చి నా ముందు నిలబెట్టు...”

నేనే. గంటల తరబడి నేనే. ఇస్త్రీ పెట్టెను తిడుతున్నాను, నీళ్ళ పంపును తిడుతున్నాను, ఒక చిన్న రేడియోను బతిమాలుతున్నాను, అది పలకగానే “మా తల్లే, మా బంగారమే” అంటున్నాను. పాడుతున్నాను కూడా. నేను పని చేసేటప్పుడు పాడతానని నాకిప్పటిదాకా తెలియదు. ఆ ఫ్యాను మా వంటగట్టు మీదిది, పోయినేడాదే పీకేశాం. వంటగట్టు దగ్గర నిలబడి రికార్డు చేసినవాళ్ళు ఒక్కరే ఉండగలరు.

సుద్దముక్కా రాత పలకా తీసుకెళ్ళి వదిన ముందు పెట్టాను. “పెన్‌డ్రైవులో నా తిట్లు పెట్టింది నువ్వేనా?” అని రాశాను.

వదిన చదివి సిగ్గుపడింది. ఆవిడ సిగ్గుపడటం నేను చూడటం అదే మొదటిసారి. “దొరికిపోయానా? ఏసోబు దగ్గర పాటలు ఎక్కించుకుందామని తెచ్చా, మూడేళ్ళయింది. ఒట్టిది ఎట్టా ఇస్తా?”

“అందులో పెద్ద ఫైలు పారేశావా?” ఈసారి అక్షరాలు వంకరపోయాయి.

“పారెయ్యటమేందే!” అని కసురుకుంది. “నేనెప్పుడన్నా ఏదన్నా పారేశానా? దాచా!”

నిజమే. పాల కవర్లు కడిగి, ఆరబెట్టి, ఇంకో కవర్లో పెట్టి, ఆ కవరును ఇంకో కవర్లో పెట్టే మనిషి. వెళ్ళి బల్ల కింది బిస్కెట్ల డబ్బా లాగింది. డబ్బాలో కవరు, కవర్లో కవరు, దాంట్లో చేతిరుమాలు, దాంట్లో ఆవిడ పాటల పెట్టె, అగ్గిపెట్టెంత ఉంటుంది. చెవి ఆపరేషను తర్వాత పాటలు పాటల్లా వినపడక దాన్ని మూల పడేసింది. చేతి పలకకు తగిలించి చూశాను. పాటల కింద, ఆవిడ పెట్టిన పేరుతో, ఆ పెద్ద ఫైలు చెక్కుచెదరకుండా ఉంది. పేరేమిటంటే, “ఎందుకన్నా పనికొస్తుంది”.

పలక తుడిచి, “నా తిట్లు ఎందుకు వదినా?” అని రాశాను.

తనకే వినపడని గొంతుతో చెప్పింది. “ఆపరేషను చేసే ముందు ఆ డాక్టరమ్మ చెప్పింది. ఇనపడుద్ది గానీ గొంతులన్నీ మారిపోతాయంది, రేకు డబ్బాలో మాట్లాడినట్టు ఉంటాయంది. అప్పటికే కుడి చెవి పోయింది, ఎడమది సగం ఉంది. ఆ సగంతో కూర్చుని నీ గొంతు రికార్డు చేశా.”

“ఆ రికార్డయినా నువ్వు కొత్త చెవితోనే వినాలి కదా, పిచ్చి వదినా. అదీ రేకు డబ్బాలాగే వినపడుతుంది” అని రాశాను.

“నాకు తెలవదా? నా కోసం కాదే. నాకెట్టా ఇనపడేదో అట్టా నిన్ను ఇంకెవరన్నా ఇనాలని పెట్టా.” కొంగుతో ముఖం తుడుచుకుని కసురుగా అంది. “అయినా గిన్నెలో మంచిది పెట్టి ఇవ్వాలి గదా. మనింట్లో ఉన్న మంచిది అదే.”

సుద్దముక్క అక్కడే పెట్టేసి ఆవిడ భుజం మీద తల పెట్టుకున్నాను. ఆవిడ ఒంటికి ఇంగువ వాసన.

దిగువమెట్ట మజిలీ

పెద్ద ఫైలు తిరిగి పెన్‌డ్రైవులోకి పోవాలంటే చోటు కావాలి. “మంచిది” తుడిచెయ్యబోతుంటే వదిన నా మణికట్టు పట్టుకుంది. “తియ్యమాకు.” తీయలేదు, మార్చుకున్నాను. నా తిట్లు పాటల పెట్టెలోకి, ఆవిడ దాచినది పెన్‌డ్రైవులోకి. ఫైలుకు దాని అసలు పేరు పెట్టి దాని అసలు గదిలో పెట్టాను.

నాలుగోసారి ఇన్‌స్టాలు. సగం దాటింది. ఎప్పుడూ ఆగేచోటు దాటింది. నేను లేచి నిలబడ్డాను. పక్క పట్టాల మీద అవతలి ఊరి కూత వినపడేసరికి తెర మీద స్వాగతం వచ్చింది. దాని స్వాగతం తగలెయ్య, ఇప్పుడా రావడం!

శ్రుతి ప్రోగ్రాం తెరిచాను, వదిన పాత కొలతలు ఎక్కించాను, బిళ్ళ చెవి వెనక పెట్టాను. ఇక ఎవరైనా ఆపకుండా మాట్లాడుతూ ఉండాలి. వింటున్న మనిషి చెప్పినదాన్ని బట్టి నేను సరిచేస్తాను. మాట్లాడాల్సింది నేనే.

నోరు తెరిచాను. మాట రాలేదు. మొన్నటిదాకా ఎవరూ వినడం లేదనుకుని ఎంతైనా అన్నాను. ఇప్పుడు ఆవిడ పెదాలు బిగించి, కళ్ళు నా నోటి మీద పెట్టి, నేనేమంటానా అని చూస్తుంటే తిట్టు కాదు కదా, “వదినా” అని కూడా పలకలేకపోయాను.

వదిన ఎదురుచూసి ఎదురుచూసి, “ఏందే? నా చెవి బాగుచేసి నీ నోరు పోగొట్టుకున్నావా?” అంది.

“నా నోరా? నా నోటి సంగతి నువ్వు మాట్లాడకు! ఊరందరికీ పంచిపెట్టి, పైగా నన్నంటావా? పెద్దలు తిట్లు రాయొద్దని తీర్మానం ఎందుకు చేశారో నాకిప్పుడు తెలిసింది. తొమ్మిది పెట్టెలూ విని నవ్వుకున్నాయి! చారు వాసన చూడటానికి చెవి ముంచాలా? ముక్కు లేదా నీకు?”

వదిన చెయ్యి ఎత్తింది. “ఆగు. మళ్ళా చెప్పు. ముక్కు అన్న దగ్గర తగ్గిపోయింది, కొంచెం పెంచు.”

పెంచాను. ముక్కు మళ్ళీ చెప్పాను. వదిన కళ్ళు మూసుకుని తల ఊపింది. “రేకు డబ్బా లాగానే ఉంది. కానీ నువ్వే” అంది.

కిటికీ తలుపులు తెరిచాం. చేయి చాపితే తగిలేంత దగ్గరలో అవతలి ఊరి కిటికీ, అందులో రాగిణి, దాని చంకలో పిల్ల. రాగిణి ముందే ఏడుపు మొదలుపెట్టింది. పిల్ల ఏడవలేదు. వదిన వైపు చూపుడువేలు చూపించి “ఎవలు?” అంది.

వదిన నా వైపు తిరిగింది. “ఎవలు అంటోందే! ఇనపడింది!” అని నా చెయ్యి నొక్కేసింది. తర్వాత పిల్లకేసి వంగి, “మీ అమ్మమ్మను తల్లీ” అంది. పిల్ల వేలు నా వైపు తిరిగింది. “ఎవలు?”

“అది మా వకుళ.”

మీ అమ్మకు అత్త అనలేదు, మా తమ్ముడి పెళ్ళాం అనలేదు. పిల్ల “వకుల” అని రెండుసార్లు అని చూసుకుంది. వదిన ఆ పూటంతా పిల్ల చేత ఊళ్ళో ఉన్న ప్రతి వస్తువునూ ఎవలు, ఎవలు అని అడిగించి, విసుగు లేకుండా జవాబు చెప్పింది. మధ్యలో నేను కిటికీ రెక్క సరిగ్గా పెట్టలేదని పోట్లాట మొదలుపెట్టింది. నేను ఊరుకోలేదు. రాగిణి కన్నీళ్ళు తుడుచుకుని నవ్వింది, పిల్ల చప్పట్లు కొట్టింది.

అవతలి ఊరు నంద్యాల గాలి వాసన వదిలి కదిలిపోయాక, పెన్‌డ్రైవు తిరిగి ఇవ్వడానికి గుడ్డలో చుట్టాను. చుట్టే ముందు అందులో మిగిలిన కొంచెం చోట్లో ఆ కిటికీ దగ్గరి పోట్లాట పెట్టాను. చేతి పలకతో నేనే రికార్డు చేశాను, వదినకు తెలియకుండా. పాత రికార్డులో అన్ని గంటలూ నా గొంతే ఉంది, ఆవిడ పక్కన నిలబడి చప్పుడు చేయకుండా విన్నది. ఈసారి ఇద్దరం ఉన్నాం.

ఏసోబు బాబాయి తీసుకుని, మూత తీయకుండా అలమరలో పెట్టాడు. ఇక ముందు ఇది వాడుకునేవాళ్ళకు మనవి: బహుమతులు చిన్నవి పెట్టండి, పెద్ద ఫైలును ముట్టుకోకండి. పోట్లాట పెట్టిన ఫైలు పేరు “మంచిది, రెండోది”. అది తీయకండి.